దెబ్బలు తిన్నవారి దిగ్విజయం

బాక్సింగ్‌ను గురించి లోకంలో ఒక అపోహ బలంగా పాతుకుపోయి ఉంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు కొట్టుకుంటారనీ, బాగా కొట్టినవాడు గెలుస్తాడనీ సామాన్యులు నమ్ముతారు. కిందపడినవాడు పది అంకెలు లెక్కపెట్టేలోగా లేవలేకపోతే, అంటే నాకౌట్ అయితే, ఈ నమ్మకం నిజమే కావచ్చు. కానీ ఇద్దరూ ఆఖరి గంట మోగేదాకా నిలబడి ఉన్నప్పుడు యుద్ధం పిడికిళ్ళను వదిలి, రింగ్ పక్కన కుర్చీలలో ఆసీనులైన జడ్జీల కలాలలోకి ప్రవేశిస్తుంది, ఆ కలాలకు గ్లవ్స్ తొడగాలన్న నిబంధన ఏ సమాఖ్యా ఇంతవరకు చేయలేదు.

ఈ విద్యకు ప్రమాణగ్రంథం వంటిది 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జరిగిన లైట్ మిడిల్‌వెయిట్ ఫైనల్. అమెరికాకు చెందిన రాయ్ జోన్స్ జూనియర్ ఆ పోరులో 86 పంచ్‌లు తగిలించాడనీ, ఆతిథ్య దేశపు బాక్సర్ పార్క్ సీ హున్ 32 తగిలించాడనీ టెలివిజన్ వారు లెక్కకట్టారు. ఐదుగురు జడ్జీలలో సోవియట్, హంగేరీ జడ్జీలు ఈ లెక్కలాంటి ప్రాథమిక గణితానికి లొంగిపోయి జోన్స్‌కు ఓటు వేయగా, ఉరుగ్వే, మొరాకో, ఉగాండా జడ్జీలు అంతకంటే ఉన్నతమైన గణితాన్ని ఆశ్రయించి 3–2 తేడాతో పార్క్‌ను విజేతను చేశారు. అమెరికన్ ఎలాగూ తేలికగా గెలుస్తాడని భావించి, ఆతిథ్య దేశం మరీ 5–0తో చిన్నబోకూడదని తాను పార్క్‌కు ఓటు వేసినట్టు వారిలో ఒకరు తరువాత చెప్పినట్టు పత్రికలలో వచ్చింది. ఈ వివరణను తేలికగా తీసిపారేయడం తగదు. అతిథి మర్యాద ఇంటివారు చేయడం లోకరీతి కాగా, ఇంటివారికి అతిథులే మర్యాద చేయడం, అదీ పక్కవాడి బంగారంతో చేయడం, నాగరికతలో ఒక మెట్టు పైనున్న విషయం. ఆ మర్యాద ఒకేసారి ముగ్గురికి తోచడమే చిక్కు. విజేతగా ప్రకటితుడైన పార్క్ రింగ్‌లోనే జోన్స్‌ను పైకెత్తి చూపడం, ఆ క్రీడలన్నింటిలో ఉత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ ఓడినవాడికే దక్కడం చూస్తే, తీర్పును నమ్మనివారిలో గెలిచినవాడూ నిర్వాహకులూ కూడా ఉన్నారని తెలుస్తుంది. లంచానికి ఆధారాలు లేవని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1997లో తేల్చింది. చివరకు 2023లో పార్క్ స్వయంగా అమెరికా వెళ్ళి ఆ పతకాన్ని జోన్స్ చేతిలో పెట్టాడు. రికార్డు పుస్తకం మాత్రం ఇంకా పార్క్ దగ్గరే ఆగి ఉంది.

మనిషిని నమ్మలేని స్థితి వచ్చినప్పుడు యంత్రాన్ని కొనడం పాలకులకు పరిపాటి. కాబట్టి 1992 బార్సెలోనా నుంచి జడ్జీల ముందు ఎరుపు, నీలం మూలలకు చెరొక మీట అమర్చి, ఐదుగురిలో కనీసం ముగ్గురు ఒక్క సెకనులోగా ఒకే మీట నొక్కితేనే పాయింట్ వచ్చేట్టు ఏర్పాటు చేశారు. మీట నొక్కే వేలు మాత్రం పాత మనిషిదే. పైగా మూడు నాలుగు పంచ్‌లు గుక్క తిప్పుకోకుండా పడితే వేళ్ళు వెనకబడేవి, పక్కటెముకల మీద పడిన దెబ్బ ముగ్గురి కంటపడేది కాదు. అందువల్ల బాక్సర్లు క్రమంగా గట్టిగా కొట్టడం మాని, కనబడేట్టు కొట్టడం నేర్చుకున్నారు. 2012 లండన్‌లో ఈ యంత్రం వికాస్ కృషన్‌ను ఎరోల్ స్పెన్స్ మీద 13–11తో గెలిపించగా, కొన్ని గంటల తరువాత సమాఖ్య వీడియో చూసి, భారత బాక్సర్ పట్టుకోవడం వంటి తప్పులు చేశాడని స్పెన్స్‌కు నాలుగు పాయింట్లు కలిపి 15–13గా మార్చింది. ఆ సవరణ న్యాయమే అయి ఉండవచ్చు. కానీ తప్పు జరుగుతున్నప్పుడు రెఫరీ రింగ్ లోపలే ఉన్నాడన్నది గుర్తుంచుకోవాలి.

మరుసటి ఏడాది మీటలను అటకెక్కించి, ప్రొఫెషనల్స్ వాడే టెన్ పాయింట్ మస్ట్ పద్ధతిని తెచ్చారు. దీనిలో ప్రతి రౌండ్ గెలిచినవాడికి 10 పాయింట్లు, ఓడినవాడికి సాధారణంగా 9 వస్తాయి. ఈ కొత్త వెలుగులో 2016 రియోలో ఐర్లండ్ బాక్సర్ మైకేల్ కాన్లన్ మీద రష్యాకు చెందిన వ్లదిమిర్ నికితిన్‌ను ముగ్గురు జడ్జీలూ ఏకగ్రీవంగా గెలిపించారు. నెగ్గినవాడు తగిలిన దెబ్బల కారణంగా సెమీఫైనల్‌కు దిగలేకపోయాడు. ఓడినవాడు జడ్జీల వైపు మధ్యవేలు చూపించి లోకమర్యాదకు భంగం కలిగించాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఆ క్రీడల రెఫరీలు, జడ్జీలు 36 మందినీ తరువాత పక్కన పెట్టారు.

తీర్పు దోషానికి శిక్ష పడకపోయినా, తీర్పుకు ఏడ్చిన దోషానికి తప్పక పడుతుందనడానికి 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలు సాక్ష్యం. సెమీఫైనల్‌లో దక్షిణ కొరియా బాక్సర్ పార్క్ జీ నా చేతిలో ఓడిపోయినట్టు ప్రకటించిన భారత బాక్సర్ సరితా దేవి, పతకాల వేదిక మీద కన్నీళ్ళతో కాంస్యాన్ని తిరస్కరించి ప్రత్యర్థి మెడలోనే వేసింది. ఆమె క్షమాపణ చెప్పినా ఏడాది నిషేధం తప్పలేదు.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఈ మర్యాదల గొడవ తక్కువ, అక్కడ చెడ్డ తీర్పుకు నగదు విలువ ఉంటుంది. 1999 మార్చిలో న్యూయార్క్‌లో లెనాక్స్ లూయిస్ 348 పంచ్‌లు, ఇవాండర్ హోలీఫీల్డ్ 130 పంచ్‌లు తగిలించగా, ఒక జడ్జి హోలీఫీల్డ్‌కు 115–113, ఇంకొకరు లూయిస్‌కు 116–113, మరొకరు 115–115 ఇచ్చి పోరును డ్రాగా ముగించారు. హోలీఫీల్డ్‌కు వేసిన జడ్జి, ఫొటోగ్రాఫర్లు అడ్డురావడంతో తనకు సరిగా కనిపించలేదన్నారు. అదే ఏడాది నవంబరులో మళ్ళీ పోరు జరిగింది, మళ్ళీ టికెట్లు అమ్ముడయ్యాయి, పే పర్ వ్యూ పేరిట, అంటే ఒక్క పోరు చూపించడానికి ఇంటింటి దగ్గరా విడిగా రుసుము వసూలు చేసే పద్ధతిలో, మళ్ళీ డబ్బు వచ్చింది. ఈసారి లూయిస్ గెలిచాడు. 2017లో కనేలో అల్వారెజ్, గెన్నడీ గొలోవ్‌కిన్ తలపడినప్పుడు ఒక కుర్చీలోంచి కనేలో 12 రౌండ్లలో పది గెలిచినట్టు, ఇంకొక కుర్చీలోంచి గొలోవ్‌కిన్ ఏడు గెలిచినట్టు, మూడవ కుర్చీలోంచి ఇద్దరూ సమానమైనట్టు కనబడింది. డ్రా అయిన ఆ పోరు 2018లో రెండవసారి, 2022లో మూడవసారి పండింది. స్పష్టమైన తీర్పు ఇచ్చే జడ్జి ఈ వ్యాపారానికి ఎంత నష్టం చేయగలడో దీనివల్ల ఊహించవచ్చు.

అయితే రెండవ పంట లేకుండానే ఎండిపోయిన పొలం కూడా ఒకటి ఉంది. 1993 సెప్టెంబరులో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో, అరవై వేలకు పైగా జనం సమక్షంలో, 87 పోరాటాలలో ఓటమి ఎరుగని హులియో సీజర్ చావెజ్‌కు పెర్నెల్ విటాకర్ పాఠం చెప్పాడని చూసినవారిలో చాలామంది భావించగా, ఇద్దరు జడ్జీలు 115–115 వేసి డ్రా చేశారు. ఆ బాక్సర్లిద్దరూ మళ్ళీ తలపడలేదు. చావెజ్ పేరు పక్కన ఓటమి అన్న గడి నిండడానికి 1994 జనవరిలో ఫ్రాంకీ రాండల్ రావలసి వచ్చింది. అతడు చావెజ్‌ను నేలమీదకు పడగొట్టినా, నడుము కింద కొట్టినందుకు రెఫరీ చావెజ్‌కు రెండు పాయింట్లు కోసినా, జడ్జీలు ముగ్గురిలో ఒకరు చావెజ్‌నే గెలిపించారు.