మునగాకు బిస్కెట్టు మహాత్మ్యం

మునగాకు రోగనిరోధక శక్తికి, పసుపు కీళ్ళకు, గుమ్మడికాయ పేగులకు, కొబ్బరినూనె వెంట్రుకల నిగారింపుకు, ఉసిరి సి విటమిన్‌కు. బామ్మకు వైద్యుడు రాసిచ్చిన చీటీ అనుకునేరు. కుక్క బిస్కెట్ల ప్యాకెట్ మీది రాత ఇది. పైన పెద్ద అక్షరాల్లో ‘అచ్చం ఇంట్లో చేసినట్టే, అంతా ప్రకృతి నుంచే’ అని కూడా ఉంటుంది. ఇంట్లో చేసినట్టే అంటే ఇంట్లో చేయలేదని వాళ్ళే ఒప్పుకున్నారు, సంతోషం.

సంక్రాంతికి హైదరాబాద్ కార్లలో దిగే కుక్కలతో పాటు ఈ ప్యాకెట్లు బొల్లాపల్లి దాకా వచ్చేశాయి. నల్లమల అంచు మండలం మాది. ఇక్కడ కుక్కకు ఉద్యోగం ఉంటుంది: మిరప కళ్ళం దగ్గర కాపలా, లేదంటే గొర్రెల మంద దగ్గర. జీతం పూటకింత మజ్జిగన్నం. మనుషులందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించిన బ్రహ్మనాయుడి సీమలో ఇప్పుడు కుక్కల మధ్య పంక్తిభేదం మొదలైంది.

“ఇందులో ధాన్యం గింజ కూడా ఉండదు బాబాయ్, గ్రెయిన్ ఫ్రీ” అన్నాడు పట్నం నుంచి వచ్చిన కుర్రాడు, అదేదో వ్రతఫలంలా. “ధాన్యం లేకుండా మరేం పెట్టార్రా దాంట్లో?” అన్నాడు బాబాయ్. చిలగడదుంప, బఠాణీ పిండి అట. కుక్క తోడేలు వంశం కాబట్టి దానికి అన్నం పడదని కంపెనీల వాదన. బఠాణీలు, చిలగడదుంపలు తవ్వుకు తినే తోడేలును ఏ అడవిలో చూశారో చెప్పరు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో ‘నేచర్’ పత్రికలో రాశారు. వేల ఏళ్ళు మనిషి పెట్టిన ముద్ద తిని కుక్క అలా మారింది. పైగా ధాన్యం మాన్పించి బఠాణీలు, పప్పులు, దుంపలు దట్టించిన మేతకూ, కుక్కల గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది. అది ఇప్పటికీ ఒక కొలిక్కి రాలేదు. మజ్జిగన్నం మీద మాత్రం ఎవరూ విచారణ వేయలేదు.

ఉసిరి సంగతి ఇంకా బాగుంటుంది. కుక్క తనకు కావలసిన సి విటమిన్ తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. బయట వెతుక్కోవలసిన దరిద్రం మనిషిది. పసుపులోని కర్క్యుమిన్ తిన్నంత ఒంటికి పట్టదు, బిస్కెట్టులో వేసేది చిటికెడు. ఆ చిటికెడుకే కీళ్ళు బాగుపడితే దుగ్గిరాల పసుపు యార్డులో పడుకునే కుక్కలు పందేలు గెలవాలి. ఇక కొబ్బరినూనె: పది కిలోల కుక్కకు రోజుకు 500, 600 కేలరీలు చాలు, అందులో చిరుతిండి పదో వంతు దాటకూడదంటారు పశువైద్యులు. ఒక్క పెద్ద చెంచా నూనెలోనే 120 ఉన్నాయి. గుమ్మడికాయలో పీచు ఉంది, విరేచనం సాఫీగా అవుతుంది. అంతవరకు నిజం. అయితే దానికి గుమ్మడికాయ చాలదా?

ప్రకృతి నుంచే అన్న మాటకు వద్దాం. వెల్లుల్లిపొడి కలిపితే గోమార్లు పట్టవని కొందరు చెబుతారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చెట్టు బెరడు నుంచి తీసే తీపి అని మెచ్చుకునే జైలిటాల్ కుక్కకు చక్కెర పడిపోయేలా చేసి ప్రాణం తీయగలదు. ఇవన్నీ ప్రకృతి ప్రసాదాలే. గన్నేరు కూడా.

ఇంటివంట మహిమకు మన దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో జనం కామెర్లతో, కడుపులో నీరు చేరి పడిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, రమేశ్ భట్ బృందం వెళ్ళి చూసింది. అకాల వానకు తడిసిన మొక్కజొన్నకు బూజు పట్టింది, అందులో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టింది. 397 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారని 1975లో ‘లాన్సెట్’లో రాశారు. అదే ఇంటి తిండి తిన్న పెంపుడు కుక్కలు మనుషులకన్నా ముందే అదే జబ్బుతో చచ్చాయి. పొలంలో పండింది, ఇంట్లో వండింది, రసాయనమేదీ కలపలేదు. ఈ ప్యాకెట్ల మీది గుణాలన్నీ ఆ మొక్కజొన్న తిండిలో ఉన్నాయి. కళ్ళంలో వానకు తడిసిన మిరప తాలుగా మారితే యార్డులో ఏమవుతుందో ఎరిగిన మన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ బూజు వేరుశనగకూ పడుతుంది. బిస్కెట్టులో వేరుశనగ ఉంటే అది ఏ గోదాములో ఎన్ని నెలలు ఉందో ప్యాకెట్ మీద వెతకండి, దొరకదు.

మనుషుల తిండి ప్యాకెట్ మీద ‘నేచురల్’ అని రాసుకోవాలంటే 2018 నుంచి నిబంధనలున్నాయి. కానీ 2006 ఆహార భద్రత చట్టం ‘ఆహారం’ అన్న నిర్వచనంలోంచి జంతువుల మేతను తప్పించింది. కాబట్టి ఆ నిబంధన కుక్క పళ్ళెం దాకా రాదు. మునగాకు మహాత్మ్యాన్ని ఎంతైనా పాడుకోవచ్చు, వినియోగదారు ఎలాగూ వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళి మొరగడు.

కుక్క మీద ప్రేమతోనే కొంటున్నారని నాకు తెలుసు. కొని పెడితే అది తింటుంది కూడా, చెప్పు పెట్టినా కొరుకుతుంది. నాకు చిర్రెత్తేది ఎక్కడంటే, మూడొందలు పోసి బిస్కెట్టు కొన్న ఆ కుర్రాణ్ణి రేబిస్ టీకా వేయించావా అని అడిగితే “ఇంజెక్షన్లన్నీ కెమికల్స్ కదా బాబాయ్” అన్నాడు. రేబిస్ మాత్రం నూటికి నూరుపాళ్ళు సహజం. లక్షణాలు కనిపించాక కుక్కా బతకదు, మనిషీ దాదాపు బతకడు. మునగాకు ఆపదు, పసుపు ఆపదు, అమ్మ చేతి వంటా ఆపదు.

పిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన బూస్టరు, ఏటా ఒకసారి మళ్ళీ. పాశ్చర్ తొలిసారి మనిషికి ఈ టీకా వేసిన 1885 జూలై 6 గుర్తుగా, ఏటా ఆ రోజున మన రాష్ట్రంలోని పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు. కళ్ళం కాడి కుక్కనూ, కారులో వచ్చిన కుక్కనూ ఒకే తాడుకు కట్టి తీసుకెళ్ళండి.