మంటను మెరుపనుకున్నాను

పదో తరగతి పిల్లలకు నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చినప్పుడు ఏటా సబ్బు ముక్కను నీళ్లలో కరిగించి, ఎర్ర లిట్మస్ కాగితం ముంచి చూపిస్తాను. కాగితం నీలం రంగుకు తిరుగుతుంది. సబ్బు నీళ్ల పీహెచ్ 9, 10 మధ్య ఉంటుందనీ, మన చర్మం పైపొర కాస్త ఆమ్ల గుణంతో 5కు అటూ ఇటూగా ఉంటుందనీ బోర్డు మీద రాస్తాను. ఇంత చెప్పేదాన్ని, కడుపుతో ఉన్నప్పుడు ముఖమంతా పొట్టు లేస్తుంటే అదే సబ్బుతో రోజుకు నాలుగైదుసార్లు రుద్ది రుద్ది కడిగాను. ఆ చలికాలం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అది మొదటిది. అన్నిటికంటే చిన్నది కూడా అదే.

మాది కోనసీమ. అక్కడి గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. ముఖానికి ఏదైనా రాసుకోవాలన్న అవసరమే తెలియకుండా పెరిగాను. పెళ్లయి ఆదిలాబాద్ వచ్చాను. ఇక్కడి చలి ఎలా ఉంటుందో గోదావరి వాళ్లకు చెప్తే నమ్మరు. డిసెంబరు, జనవరి నెలల్లో ఏజెన్సీ ఊళ్లలో రాత్రిళ్లు అయిదారు డిగ్రీలకు పడిపోతుంది. గాలి పొడిగా, కోసేస్తున్నట్టు ఉంటుంది. తెల్లారగానే వాకిట్లో నెగడు, పొగలు కక్కే బోరునీళ్లతో స్నానం. నాకు అయిదో నెల వచ్చేసరికి ముక్కు పక్కన, గడ్డం మీద, కనుబొమల మధ్య తెల్లగా పొట్టు లేవడం మొదలైంది. నవ్వితే బుగ్గలు బిగిసి లాగేవి. చున్నీ అంచు తగిలినా చురుక్కుమనేది. అద్దం దగ్గరగా పట్టుకుని చూస్తే చెంప మీద సన్నటి గీతలు గళ్లు గళ్లుగా, ఆ గళ్ల అంచుల్లో పల్చటి పొరలు పైకి లేచి కనిపించేవి. వేలితో తడిమితే గరగరలాడేది.

కడుపుతో ఉన్నవాళ్ల ముఖంలో కళ వస్తుందంటారు. నా ముఖం చూసిన వాళ్లు ఏమీ అనకుండా ఊరుకునేవాళ్లు. అదే నాకు కష్టంగా తోచింది. ఏడో నెలలో సీమంతం. కోనసీమ నుంచి మా వాళ్లంతా వస్తారు, ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోల్లో ఇలా ఉంటానా అన్న దిగులు పట్టుకుంది. పుట్టబోయే బిడ్డ గురించి పెట్టుకోవాల్సిన ధ్యాసలో సగం అద్దానికి పోయింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ జరిగింది ఇదే.

అమ్మకు ఫోన్లో చెప్పాను. "వేడి చేసుంటుంది తల్లీ, సున్నిపిండి పంపుతాను. ముందు నూనె పట్టించి, ఆ తర్వాత పాలతో కలిపి నలుగు పెట్టుకో" అంది. అమ్మ సున్నిపిండి మా చుట్టాల్లో పేరున్నది. పెసలు, కచ్చూరాలు, వట్టివేళ్లు, కస్తూరి పసుపు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, బావంచాలు కలిపి మరపట్టించి, జల్లెడ పట్టి డబ్బాలో పోసి పంపింది. నేను అమ్మ చెప్పిన మాటలో సగమే విన్నాను. నూనె జిడ్డుగా ఉంటుందని మానేసి, ఎండిన ముఖానికి ఎండు పిండే రుద్దాను. ఒంటికి పట్టించిన నూనెలో ఎక్కువైనది తీసేయడానికి పెట్టేది నలుగు. నా ముఖంలో తీయడానికి నూనె ఎక్కడుంది? ఉన్న కాస్తా పీల్చేసింది. రాలుతున్న పొట్టును చూసి మురికి పోతోందని ఇంకా గట్టిగా రుద్దాను.

అంతటితో ఆగినా బాగుండేది. చలికి తట్టుకోలేక, ముఖం కడుక్కోగానే డాబా ఎక్కి ఎండలో కూర్చునేదాన్ని. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. చర్మం మీద ఎండ ప్రభావాన్ని అది బాగా పెంచుతుంది. బొల్లి వైద్యంలో సోరాలెన్‌ను వాడేదే అందుకు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చర్మానికి రంగునిచ్చే కణాలు అసలే చురుగ్గా ఉంటాయి, ఎండ తగిలితే చెంపల మీద మంగు తేలుతుంది. నాకు తేలింది. ముఖం పొడిబారింది చాలదన్నట్టు గోధుమరంగు మరకలు కూడా వచ్చాయి. ఆ మరకలు చూశాక ఇక నా బుద్ధి పనిచేయలేదు.

మా బళ్లో తోటి టీచరొకామె ఒక ట్యూబు పేరు చెప్పింది. తనకు మంగు పోయిందంది. మందుల షాపులో అడిగితే ఒక్క ప్రశ్న వేయకుండా ఇచ్చారు. నేనూ అడగలేదు. నా చీర కుచ్చిళ్లు అప్పటికే పొట్ట మీద నిలవడం లేదు, ఎదుటివాళ్లకు తెలియకపోయే అవకాశమే లేదు. అట్టపెట్టె మీద ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న హెచ్చరిక ఉంది. పిల్లలకు బీకరు మీద అంటించిన చీటీ చదవకుండా ముట్టుకోవద్దని చెప్పే నేను, దాన్ని చించి చెత్తబుట్టలో వేశాను.

వారం తిరగకుండా ముఖం మారిపోయింది. ఎరుపు తగ్గింది, పొట్టు ఆగింది, రంగు తేలింది. "మొఖం మస్తు నిగనిగలాడుతుంది బిడ్డా" అని అత్తమ్మ దిష్టి తీసింది. రాత్రిళ్లు చెంపలు కాస్త మండేవి. మందు పనిచేస్తోందనుకున్నాను. తర్వాత్తర్వాత ఆ మంట పగలు కూడా వచ్చింది. పొయ్యి దగ్గరకు వెళ్తే ముఖం కందిపోయేది. చెంపల మీద సన్నటి ఎర్రటి నరాలు దారాల్లా కనపడసాగాయి. ఒక పూట రాయడం మానితే ముఖమంతా ఎర్రబడి దురద. మళ్లీ రాస్తే తగ్గేది. అంటే మందు లేనిదే ఉండలేని స్థితికి నా చర్మాన్ని నేనే తెచ్చాను.

నెలనెలా లేడీ డాక్టరు దగ్గరకు వెళ్తూనే ఉన్నాను. బీపీ చూసేది, బరువు చూసేది, బిడ్డ గుండె చప్పుడు వినిపించేది. ముఖం సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. బయట అంత మంది కూర్చుని ఉంటే అందం గురించి అడిగినట్టుంటుందని నా సంకోచం. ఒకసారి ఆమే తలెత్తి చూసి, "ముఖానికి ఏం రాస్తున్నావమ్మా?" అంది.

"కొబ్బరినూనె, మేడమ్" అన్నాను.

అబద్ధం. ఎందుకు ఆడానో ఇప్పటికీ నాకు మింగుడుపడదు. నా బిడ్డను నా కంటే జాగ్రత్తగా చూస్తున్న మనిషితో, ఆ బిడ్డకు సంబంధించిన విషయంలో అబద్ధమాడాను. నేను చేసిన వాటిలో అన్నిటికంటే పెద్ద తప్పు అదే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ట్యూబు తీసి దాని మీది చిన్న అక్షరాలు చదివాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. ఒక్కో పేరూ ఫోన్లో వెతుకుతుంటే చేతులు చల్లబడ్డాయి. హైడ్రోక్వినోన్ రాసినదాంట్లో మూడో వంతుకు పైగా ఒంట్లోకి ఇంకుతుందనీ, గర్భిణులు మానాలనీ ఉంది. ట్రెటినాయిన్, మొటిమలకు నోట్లో వేసుకునే ఐసోట్రెటినాయిన్ ఒకే కుటుంబానివి. ఆ బిళ్ల గర్భంలో బిడ్డ అవయవాలను దెబ్బతీస్తుందన్నది అందరు డాక్టర్లకూ తెలిసిన సంగతి. మొమెటాసోన్ స్టెరాయిడ్. ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పక్కన ఆయన నిద్రపోతున్నారు. లేపి చెప్పడానికి కూడా నోరు రాలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, బిడ్డ కదిలేదాకా కళ్లు మూయలేదు.

తెల్లారి ట్యూబు పట్టుకుని వెళ్లి, నిజం చెప్పేశాను. డాక్టరమ్మ కోప్పడలేదు. ఎన్ని ట్యూబులయ్యాయి, ముఖానికేనా ఒంటికి కూడానా అని అడిగింది. చర్మానికి రాసిన ట్రెటినాయిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువనీ, స్టెరాయిడ్ పూతలు వందల గ్రాముల్లో వాడినప్పుడే బిడ్డ బరువు తగ్గుతుందేమోనన్న భయమనీ, నేను వాడినది అందులో చిన్న భాగమనీ చెప్పింది. అయినా ఆ క్షణం నుంచి ముట్టుకోవద్దంది. స్కిన్ డాక్టరు దగ్గరకు చీటీ రాసిచ్చింది.

ఆ స్కిన్ డాక్టరు చెప్పిన విషయం నేను క్లాసులో చెప్పాల్సిన పాఠం. చర్మం పైపొరలో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంచుతాయి. ఆ సున్నం ఉన్నంతసేపే లోపలి నీరు లోపలుంటుంది. దాన్ని తయారుచేసే ఎంజైములకు ఆమ్ల గుణం కావాలి. సబ్బుతో నేను ఆ గుణాన్ని పోగొట్టాను, వేడినీళ్లతో సున్నాన్ని కరిగించాను, పిండితో ఇటుకలు రాల్చాను, ఆ మీద ట్రెటినాయిన్‌తో ఉన్న పొర ఒలిచాను. స్టెరాయిడ్ ఆ దెబ్బల ఎరుపును కనపడనీయకుండా కప్పిపెట్టింది, అంతే. చిన్నప్పుడు ఉబ్బసం, తామర (ఎగ్జిమా) ఉండేవా అని కూడా అడిగింది. మోచేతి మడతల్లో తామర ఉండేది. అలాంటివాళ్లకు గర్భం దాల్చాక రోగనిరోధక వ్యవస్థలో వచ్చే మార్పు వల్ల చర్మం ఇలా పొడిబారి దురద పెట్టడం చాలా మామూలట. ముందే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

వైద్యం అంటే మందుల జాబితా ఇస్తుందనుకున్నాను. ఆమె చేసింది అన్నీ మాన్పించడం. సబ్బు, పిండి, పసుపు, రోజ్‌వాటర్, పెరట్లోని కలబంద కూడా. ముఖం గోరువెచ్చటి నీళ్లతో రోజుకు రెండుసార్లు, చేత్తోనే. కావాలంటే వాసన, నురగ లేని క్లెన్సర్ రాత్రి ఒక్కసారి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఇంకా తడి ఉండగానే గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న వాసన లేని క్రీము మందంగా రాయాలి. చర్మం ఆరాక రాస్తే సగం ఫలితమే. చలి ఎక్కువున్న రాత్రి దాని మీద పల్చగా పెట్రోలియం జెల్లీ. అది కొత్తగా తేమ ఇవ్వదు, ఉన్నది గాల్లోకి పోకుండా ఆపుతుంది, అందులో దాన్ని మించింది లేదు. ఏ కొత్త క్రీమైనా ముందు చెవి వెనక రాసి రెండు మూడు రోజులు చూడాలి. మండినప్పుడు చల్లటి నీళ్లలో ముంచి పిండిన పాత నూలుగుడ్డ పది నిమిషాలు. బయటికెళ్తే జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, మీద కొంగు. మంగు సంగతి పురుడయ్యాక చూద్దాం, కొంత దానంతటదే పోతుంది అంది. పొడిబారడానికి థైరాయిడ్ తగ్గడం కూడా కారణం కావచ్చని నా రిపోర్టులు మళ్లీ తిప్పి చూసింది.

ఇంకొక్క ప్రశ్న అడిగింది. "అరచేతులు, అరికాళ్లు దురద పెడుతున్నాయా? రాత్రిళ్లు, దద్దుర్లు లేకుండా?" నాకు లేదు. ఉంటే మాత్రం క్రీములతో కాలక్షేపం చేయకుండా అదే రోజు రావాలంది. చివరి నెలల్లో కాలేయంలో పైత్యరసం నిలిచిపోతే అలాంటి దురద వస్తుంది. రక్తంలో బైల్ యాసిడ్స్ పరీక్ష చేయాలి, అది బిడ్డకు ప్రమాదం. ఆ మాట విన్నాక నా సంకోచం ఎంత ప్రమాదకరమైనదో తెలిసింది. నాకు ఆ దురదే వచ్చి ఉంటే, దాన్ని కూడా చర్మం సంగతేగా అని కొబ్బరినూనెతో దాచి ఉండేదాన్ని.

ట్యూబు ఆపాక మొదటి వారాలు భయంకరంగా గడిచాయి. ముఖం వాచి, ఎర్రబడి, క్రీము రాసినా మండేది. అలా తిరగబడుతుందని డాక్టరు ముందే చెప్పబట్టి నిలబడగలిగాను. సీమంతానికి ముఖం అలాగే ఉంది. అత్తమ్మ గంధం తెచ్చి చెంపకు రాయబోయి ఆగి, మెడకు రాసింది. ఎవరైనా ఏమైనా అంటే "నా కోడలికి తోలు నాజూకు, ముట్టకుండ్రి" అని తనే ముందు చెప్పేసింది. ఆ ఫొటోలన్నీ దాచుకున్నాను. ఎండలు ముదిరేసరికి బుగ్గలు మామూలుగా మెత్తబడ్డాయి. బిడ్డ నెలలు నిండి, మంచి బరువుతో పుట్టింది. స్నానం చేయించే మంత్రసాని పిండి కలుపుతుంటే వద్దన్నాను, అత్తమ్మ నా వైపే మాట్లాడింది. కొబ్బరినూనె, గోరువెచ్చటి నీళ్లు, అంతే.

ఈమధ్య అమ్మ ఫోన్ చేసింది. చెల్లికి నాలుగో నెల. "దానికీ ముఖం పగులుతోందటే, డబ్బా పంపనా?" అంది. బావంచాలు, నారింజ తొక్కలు లేకుండా కొట్టించి, నూనె రాసుకున్నాక ఒంటికి మాత్రమే వాడమని చెప్పమన్నాను. తర్వాత చెల్లికే చేశాను. ముఖానికి ఏమైనా రాస్తున్నావా అంటే, నేను ఒకప్పుడు అన్నట్టే, "ఏం లేదక్కా, కొబ్బరినూనె" అంది. నేను నా కథ మొత్తం చెప్పాను, డాక్టరుతో ఆడిన అబద్ధంతో సహా. చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ట్యూబు ఫొటో పంపింది. వేరే పేరు, లోపల అవే మూడు మందులు. పారేయకు, రేపు అట్టపెట్టెతో సహా మీ డాక్టరుకు చూపించు అన్నాను. నేను ఫోన్లో ఉండగానే అపాయింట్‌మెంట్ తీసుకుంది.