పసుపు వైరు ఉండగా ఇంకోటెందుకు?

కొత్త టీవీ గోడకెక్కింది. 43 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ. పెళ్లి డీవీడీ చూద్దామని అటక మీంచి పాత ప్లేయరూ దిగింది. ఇక రెండింటినీ కలపాలి. ఇక్కడే చాలామంది తొందరపడి ప్లేయర్ వెనక టార్చి వేసి చూస్తారు. మీరు చూడకండి. అక్కడెన్ని రంధ్రాలున్నాయో తెలిస్తే ఆలోచన మొదలవుతుంది. డబ్బాలో మూడు పిన్నుల వైరు ఉండగా ఆలోచనతో పనేముంది?

ఎరుపూ తెలుపూ మాటలకీ పాటలకీ. బొమ్మంతా పసుపులోనే. అదొక ఉమ్మడి కుటుంబం. డిస్కులో వెలుగూ రంగూ విడివిడిగానే ఉంటాయి. పసుపు వైరు కోసం ప్లేయర్ వాటిని బలవంతాన ఒకే ఇంట్లో పెడుతుంది, అవతల టీవీ మళ్లీ పంపకాలు చేస్తుంది. పంపకాలు సరిగ్గా తెగిందెక్కడ? పెళ్లికొడుకు సన్నచారల చొక్కా మీద లేని రంగులు తేలతాయి. పట్టుచీర అంచు వెంబడి చుక్కలు పాకుతుంటాయి. ఫొటోగ్రాఫర్ డబ్బు తీసుకోకుండా చేసిన అలంకరణ అనుకోండి.

ఎస్-వీడియో అని నాలుగు పిన్నుల గుండ్రటిదొకటి ఉండేది. వెలుగునీ రంగునీ వేరు కాపురం పెట్టిస్తుంది, ఆ చుక్కలు పోతాయి. పోగొట్టుకోవడం దేనికి? కొత్త టీవీల్లో దాని రంధ్రమే ఉండదు, గొడవ వదిలింది.

కాంపొనెంట్‌తో మాత్రం జాగ్రత్త. ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని మూడు తీగలు బొమ్మకే. ప్లేయర్‌లో ప్రోగ్రెసివ్ స్కాన్ పెడితే సరిబేసి గీతలు వంతులవారీగా కాకుండా 576 గీతలూ ఒక్కసారే వస్తాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. తప్పదంటే గుచ్చండి గానీ రంగులు చూసి గుచ్చకండి. ఎరుపు రంధ్రాలు రెండుంటాయి, ఒకటి బొమ్మది, ఒకటి శబ్దానిది. తారుమారు చేస్తే సన్నాయికి తోడు స్పీకర్‌లో జుంయ్‌మని శ్రుతి పలుకుతుంది. ఆకుపచ్చ ఒక్కటే గుచ్చితే ఇంకా మేలు. వెలుగంతా అందులోనే ఉంటుంది కనుక నలుపు తెలుపు బొమ్మ చక్కగా వస్తుంది. 'మిస్సమ్మ' చూసేవాళ్లకి మిగతా రెండూ దండగే కదా. 2010లో రంగులద్దిన 'మాయాబజార్'ని తిరిగి 1957కి తీసుకెళ్లడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

ఇక హెచ్‌డీఎంఐ. బొమ్మా శబ్దమూ ఒకే వైరు, మొదటి నుంచి చివరిదాకా డిజిటల్. తిరగేసి గుచ్చుదామన్నా దూరదు. పొరపాటుకి చోటే లేని పనిలో మజా ఏముంది? ఎవరైనా వాదిస్తే ఇలా చెప్పండి: "డీవీడీలో ఉన్నదే ఫ్రేముకి 720×576, నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. టీవీకి కావాల్సింది 20 లక్షలకు పైగా. ఎలాగూ చాలవు, ఇంక ఏ వైరైతేనేం?" ఉన్న నాలుగు లక్షలూ చెడకుండా చేరాలి కదా అని ఎదుటివాడికి తట్టేలోపు కాఫీ ఇవ్వండి. అయినా కొనిపిస్తే, బంగారుపూత ఉన్న ఖరీదైనదే కొనండి. రెండు మీటర్ల లోపు చవకదీ అదే బొమ్మ ఇస్తుంది, కానీ చవకదాన్ని చుట్టాలకి చూపించలేం.

చివరిగా టీవీలో వైడ్ మోడ్. పాత పెళ్లి వీడియో 4:3. దాన్ని 16:9కి సాగదీస్తే అందరూ మూడోవంతు అడ్డంగా పెరుగుతారు. పెళ్లినాటికే ఒళ్లు చేసి, ఇప్పటికి చిక్కినట్టు కనిపిస్తారు. పిల్లలెవరైనా సరిచేస్తామంటే రిమోట్ మాత్రం ఇవ్వకండి.