ఖర్చు లేని సేద్యం, కూలి లేని కుటుంబం

మన దగ్గర వ్యవసాయం చేసేవాడికి పంట పోవచ్చు గానీ, వ్యవసాయం మీద మాట్లాడేవాడికి ఏ యేడూ పంట పోదు. ఈ పదేళ్లలో అలా వేదికల మీద విరగపండిన పంట 'పైసా ఖర్చు లేని సేద్యం'. యూరియా కొననక్కర్లేదు, పురుగుమందు కొననక్కర్లేదు, అప్పు కోసం ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. ఈ సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి సూత్రం ప్రకారం ఒక్క నాటు ఆవుంటే ముప్పై ఎకరాలు చేసుకోవచ్చు. 2015-16 వ్యవసాయ గణన చూస్తే దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండు ఎకరాల అరవై ఏడు సెంట్లు. ఆ లెక్కన సగటు రైతుకు ఆవులో పదకొండో వంతు సరిపోతుంది. తన వాటాకి పేడ వేసే వైపు రావాలో, గడ్డి తినే వైపు రావాలో మిగతా పదిమందితో కూర్చుని తేల్చుకోవాలి. 2019 జులైలో కేంద్ర ఆర్థిక మంత్రి ఈ సేద్యానికి బడ్జెట్ ప్రసంగంలోనే పీట వేశారు. పీట వేశారు గనుక విస్తట్లో ఏం వడ్డించారని అడగకూడదు.

ముందే ఒక మాట. ప్రకృతి సేద్యం మీద నాకు ఏ కోపమూ లేదు. నేలలో ప్రాణం నిలవాలి, చేలో పిట్ట వాలాలి, పురుగుమందు డబ్బా రైతు ఇంటి చూరులోంచి దిగిపోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల ఆసరాతో నడుస్తున్న ప్రకృతి సేద్యానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్ పక్కన నిలబడి అందుకున్న బహుమతి అది, ఊరికే రాలేదు. నా పేచీ అంతా పద్దు పుస్తకంతోనే.

ఈ సేద్యంలో యూరియాకి బదులు చేనుకి పోసే జీవామృతం తయారీ తీసుకోండి. ఎకరానికి రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడన డ్రమ్ములో పోసి పొద్దునా సాయంత్రం కలియబెట్టాలి, వడగట్టాలి, చేనుకి చేర్చాలి. పదిహేను రోజులకి మళ్లీ మొదలు. ఇందులో ఖర్చెక్కడుంది? పేడ ఆవు ఇచ్చింది. మట్టి గట్టు ఇచ్చింది. బెల్లం, పిండి కిరాణా కొట్టాయన ఇచ్చాడు; ఆయనింకా ఈ విధానంలో శిక్షణ తీసుకోలేదు కాబట్టి డబ్బులు అడిగాడు. మిగిలిన పనంతా ఇల్లాలు చేసింది. కోడి కూసే వేళకి బకెట్టు పట్టుకుని ఆవు వెనక నిలబడింది ఆమె, డ్రమ్ములో కర్ర తిప్పింది ఆమె, బిందెలు మోసింది ఆమె. కలుపు మందు కొట్టకూడదు గనుక నడుం వంచి కలుపు తీసిందీ ఆమే. కూలీలను పెడితే అది ఖర్చు, పెళ్లాన్ని దింపితే అది పొదుపు. ఈ అర్థశాస్త్రానికి ఇంకా నోబెల్ రాకపోవడం మన దురదృష్టం.

ఇది తెలియక జరిగిందనుకుందామా? ఢిల్లీలో వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఒకటుంది. దాని దగ్గర ఖర్చు తూచడానికి మూడు రాళ్లున్నాయి. చేతి నుంచి నిజంగా పోయిన డబ్బు ఏ2. దానికి ఇంటిల్లిపాది చాకిరీకి కట్టిన వెల కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. దాని మీద సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా వేస్తే సీ2. ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి ధర ఇవ్వమంది స్వామినాథన్ కమిషన్. ఖర్చంటే సీ2 అని రైతు సంఘాలు అంటాయి. మధ్య రాయితో తూచి ఇచ్చేశామని సర్కారు అంటుంది. ఆ తగాదా ఎలా ఉన్నా, ఇంటి చాకిరీకి వెల ఉందన్న సంగతిని సర్కారు కూడా కాదనడం లేదు. వేదిక మీది పెద్దమనిషి మాత్రం మొదటి రాయి దగ్గరే ఆగిపోతాడు. కిరాణా బిల్లును కూడా మర్చిపోతే ఆయన సున్నా ఇంకా గుండ్రంగా కుదురుతుంది.

డబ్బిచ్చి కొననిది ఊరికే వచ్చినట్టు కాదని జాతీయ నమూనా సర్వే కూడా తేల్చింది. 2018-19లో సాగు కుటుంబం నెలసరి ఆదాయం సగటున 10,218 రూపాయలు. కొనకుండా ఇంటి నుంచి పెట్టిన వాటికీ వెల కడితే అది 8,337కి దిగింది. ఆ 10,218లోనూ పంట మీద వచ్చింది 3,798; కూలీనాలీ, జీతాల మీద వచ్చింది 4,063. అంటే రైతు పరాయి చేలో కూలి చేసి సొంత చేనుని సాకుతున్నాడు. 2022 నాటికి రైతు ఆదాయం రెట్టింపు చేస్తామని 2016లో చెప్పారు. 2022 చెప్పిన టయానికే వచ్చింది. అదే సర్వేలో ఆంధ్రలో నూటికి 93, తెలంగాణలో 91కి పైగా సాగు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. అప్పుల్లో ఉన్న మనిషికి 'ఖర్చు లేదు' అన్న మాట చెవిన పడితే ఆశ పుట్టదా? ఆ ఆశ మీద ఉపన్యాసం పండించడం సులువు.

కౌలు రైతు సంగతికొస్తే కథ మరీ రంజుగా ఉంటుంది. మట్టి కోలుకోవడానికి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలని శిక్షకులే చెబుతారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నాగలి పట్టేవాళ్లలో పెద్ద భాగం కౌలుదార్లు. ఆంధ్రలో 2019 నాటి సాగుదారుల చట్టం వాళ్లకిచ్చిన సాగు హక్కు పత్రానికి ఆయుష్షు 11 నెలలు. అదీ ఆసామి సంతకం పెడితేనే. అంచేత వానపాములకు ఒక విన్నపం: మూడేళ్ల పని పదకొండు నెలల్లో ముగించండి, లేదా పై ఏడు ఆసామిగారు చేను ఎవరికిస్తారో కనుక్కుని మరీ కదలండి. ఒకవేళ నేల నిజంగానే బాగుపడిందా, ఆసామి కౌలు పెంచుతాడు. పేడ మోసినవాడు తన కౌలు తానే పెంచుకున్నట్టు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

ఇక ఖజానా వైపు చూద్దాం. 45 కిలోల యూరియా బస్తా రైతుకి 266 రూపాయల 50 పైసలకి దొరుకుతుంది. అసలు ధరలో అది చిన్న ముక్క. మిగతాది కేంద్రం భరిస్తుంది. 2022-23లో అలా భరించిన ఎరువుల సబ్సిడీ దాదాపు రెండున్నర లక్షల కోట్లు. 2024 నవంబరులో కేంద్రం ప్రకృతి సేద్యానికి జాతీయ మిషన్ ప్రకటించింది: మొత్తం 2,481 కోట్లు, లక్ష్యం కోటి మంది రైతులు. భాగహారానికి కాగితం కూడా అక్కర్లేదు, తలకి 2,481 రూపాయలు. అందులోనే శిక్షణలు, కేంద్రాలు, ఫ్లెక్సీలు, సమీక్షలు. మట్టిని పాడుచేసే బస్తాకి నూరు పాళ్లు, బాగుచేసే మనిషికి ఒక పాలు. పైగా ఆ మనిషికే 'మీరు సబ్సిడీల మీద ఆధారపడకూడదు' అని హితబోధ! చెప్పేవాడికి చేసేవాడు లోకువ.

పండించాక అమ్మాలి కదా. రసాయనం తాకని ధాన్యమూ, రసాయనం తాగి పెరిగిన ధాన్యమూ ఊళ్లో ఒకే కాటా ఎక్కి ఒకే రాశిలో కలుస్తాయి. మిల్లరు తేమ చూస్తాడు, నూక చూస్తాడు. చేలో వానపాములు ఎన్నున్నాయో చూసే యంత్రం ఇంకా మిల్లుకి రాలేదు. సేంద్రియ ధ్రువపత్రం చేతికొచ్చే దాకా రెండు మూడేళ్లు మామూలు ధరకే అమ్ముకోవాలి. ఎలాగో నగరం దాకా తెచ్చి అంగడి పెడితే, జిమ్ముకీ విటమిన్ మాత్రలకీ బేరమాడని బాబుగారు బెండకాయల దగ్గర నిలదీస్తారు: 'మీది ఖర్చు లేని వ్యవసాయమటగా, మరి ఇంత రేటేమిటి?' ఆయన్ని తప్పుపట్టలేం. ఖర్చు లేదని ఊరూరా చాటింది మనమే.

ఈ సున్నా చేసే అసలు పని ఇదే. ఖర్చు సున్నా అన్నాక కొనేవాడు ధర ఎందుకివ్వాలి? ఖజానా సాయమెందుకు చెయ్యాలి? బ్యాంకు అప్పెందుకివ్వాలి? పంట పోతే ఏం నష్టపోయాడని పరిహారం అడుగుతాడు? రైతుకి మేలు చేస్తున్నామనుకుంటూ, బేరం దగ్గర అతని చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ లాగేసుకున్నాం. తర్వాత ఆంధ్రలో ఆ ఉద్యమానికి పేరు మార్చారు. 'పెట్టుబడి లేని' పోయి 'ప్రజా భాగస్వామ్య' వచ్చింది. బోర్డు మీంచి దిగిన సున్నా వెళ్లి ఇల్లాలి కూలి గళ్లో కూర్చుంది.

ఇలా కాకుండా చెయ్యడం మనకి చేతకాదా అంటే, ఒకసారి సముద్రం ఒడ్డుకి రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం. ఇక్కడ ఎవరూ 'ఖర్చు లేని వేట విరామం' అని పుస్తకాలు రాయలేదు. బోటు ఒడ్డున ఉంటే పొయ్యిలో పిల్లి లేవదని సర్కారుకి ఎలాగో అర్థమైంది. ఆంధ్రలో పరిహారం ఒకప్పుడు 4,000, 2019 నుంచి 10,000, 2025లో 20,000 రూపాయలు. రోజుకి లెక్కేస్తే దాదాపు 328. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి 307. అంతకు ముందు రోజుకి 164తో సరిపెట్టాక, చేప గుడ్డుని కాపాడేవాడి రోజు విలువ ఇరవై రూపాయల పై చిలుకుతో మట్టి తవ్వేవాడి రోజుని దాటింది. మహా వైభవమేమీ కాదు, కానీ పద్దు ఉంది. ప్రకృతి కోసం చేతులు కట్టుకు కూర్చున్న మనిషికి కూలి కట్టాలన్న సూత్రం ఉంది.

అక్కడా చిల్లులు లేకపోలేదు. పరిహారం వేటకెళ్లే మగవాడి పేరున వస్తుంది. బోటు ఆగితే గంప కూడా ఆగుతుంది. ఆ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషికీ, ఇసకలో చేపలు ఎండబెట్టే మనిషికీ ఆ రెండు నెలలు ఏ పద్దులోనూ లేవు. నిషేధం తీరాక డీజిలుకీ ఐసుకీ వలకీ సావుకారు దగ్గర అప్పు, ఆ అప్పుకి బదులు పట్టిన చేప ఆయనకే, ఆయన చెప్పిన ధరకే. చిన్న పడవ వాడు పొదుపుగా వదిలిన పిల్ల చేపని పెద్ద బోటు సన్న కన్నుల వలతో ఊడ్చుకుపోతుంది. ఐక్యరాజ్య సమితి మాత్రం 2022ని చిన్న మత్స్యకారులకి రాసిచ్చింది, 2019 నుంచి 2028 దాకా పదేళ్లని కుటుంబ సేద్యానికి రాసిచ్చింది. కాలాన్ని దానమివ్వడంలో ప్రపంచంలో ఎవరూ పిసినారులు కారు.

అడిగేది పెద్దదేం కాదు. సముద్రానికి 61 రోజులకి ఒప్పుకున్న సూత్రాన్ని నేలకి మూడేళ్లకి ఒప్పుకోండి. మట్టి కోలుకునే దాకా ఎకరానికింత అని కట్టండి. ఆ డబ్బు పాసు పుస్తకం ఉన్నవాడికి కాకుండా పేడ మోసినవాడికి చేరనివ్వండి. కౌలు గడువు మూడేళ్లు చెయ్యండి. మార్కెట్ యార్డులో రాశి వేరుగా పోయించి, బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆ బియ్యమే కొనండి. తిరుమల దేవస్థానం ప్రకృతి సేద్యం సరుకు కొనడం మొదలెట్టింది. దేవుడు కొన్నాడు, భక్తుడే బేరమాడుతున్నాడు.

ఇదంతా అయ్యే పని కాదు, డబ్బెక్కడిది అంటారా? అయితే ఆఖరికొక చవక మార్గం ఉంది. సున్నా ఖర్చు గురించి చెప్పే వక్తలూ, రాసే సలహాదార్లూ, సమీక్షించే అధికారులూ అందరూ కలిసి ఒక్క ఖరీఫ్ పాటు తమ జీతాలనీ, గౌరవ వేతనాలనీ, ప్రయాణ భత్యాలనీ 'కుటుంబ శ్రమ' కింద రాసుకుని పైసా తీసుకోకుండా పనిచెయ్యాలి. రబీ పద్దులు తెరిచేలోగా రైతు ఇంటి చాకిరీకి రోజుకింత అని జీవో వస్తుంది; అందులో పాత బకాయిలు కలిపి ఉంటాయి.