మా తోడల్లుడుగారి వాట్లు

మా తోడల్లుడుగారు సంగీతప్రియులు, సత్పురుషులు, వయస్సున నాకంటె పెద్దలు. వారియందు నేను ఎంచగల దోషము ఒక్కటే: పాట బాగుండుట పాడినవారి కంఠమును బట్టి గాక ఆంప్లిఫయరు వాట్లను బట్టి యుండునని వారి దృఢవిశ్వాసము. వారింట అడుగిడిన అతిథికి కాఫీకంటె ముందుగా వాట్ల సంఖ్య వడ్డింపబడును. పిమ్మట ఆ యంత్రమును రెండుచేతుల ఎత్తి చూడుమని నిర్బంధింతురు, ఏలనన ట్రాన్స్‌ఫార్మరు బరువెంతయో నాదగాంభీర్యము అంత యని వారి సిద్ధాంతము. నడుమునొప్పి యని తప్పించుకొన్నవారిని శ్రుతిజ్ఞానము లేనివారిలో జమకట్టుదురు.

ఈ విద్యలో వారి శైశవము పి.ఎం.పి.ఓ. యుగమున, అనగా క్షణమాత్రపు శిఖరశక్తినే వాట్లుగా చాటిన కాలమున, గడచినది. ఆ దినములలో అట్టపెట్టెలపై రెండువేల వాట్లని పెద్ద అక్షరములతో అచ్చొత్తిన స్టీరియోలు బజారులందు కొల్లలుగా అమ్ముడుపోయెడివి. యంత్రము ఎడతెగక ఎంత శక్తి నీయగలదో తెలుపు ఆర్.ఎం.ఎస్. అంకె, ఉన్నయెడల, ఏ మూలనో అణగియుండెడిది. 230 వోల్టుల యింటి విద్యుత్తు ఐదు ఆంపియర్ల ప్లగ్గుగుండా 1150 వాట్లకు మించి రాదు గదా, తక్కినవి ఎచ్చటనుండి వచ్చుచున్నవని నేను అడుగగా, "అదేనయ్యా కంపెనీవాడి గొప్ప!" అని నా అజ్ఞానమునకు జాలిపడిరి.

నేడు వారు ఆ చాపల్యమును దాటి రెండువందల నికార్సయిన వాట్లకు అధిపతులు. పూర్వపు నూరు వాట్ల యంత్రముకంటె ఇది రెండింతలు బిగ్గరగా మ్రోగునని వారి లెక్క. వాట్లు రెట్టింపైనచో పెరుగునది మూడు డెసిబెళ్లే యనియు, ధ్వని రెండింతలైనట్లు చెవికి తోచవలెనన్న వాట్లు ఇంచుమించు పదిరెట్లు కావలెననియు సవినయముగా మనవి చేసితిని. నిరుత్సాహపడుదురేమో యని భయపడితిని గాని, వారు మారుమాటాడక కళ్లజోడు సవరించుకొని డైరీలో "వేయి" అని వ్రాసికొనిరి.

రెండు యంత్రములను ప్రక్కప్రక్కన నుంచి వారు జరుపు పరీక్షను చూచితీరవలెను. పాతదానిని అణచి, క్రొత్తదానిని హెచ్చించి, "ఆ మృదంగంలో ఎడమచేతి దెబ్బ ఇప్పుడు ఎట్లా పలికిందో విన్నావా?" అందురు. ధ్వని తగ్గినకొలది చెవికి మంద్రస్వరములు ముందుగా మరుగుపడునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే ప్రకటించిరి. కావున ఏ యంత్రమైనను పెద్దగా మ్రోగినదే నిండుగా తోచును. ఇక ఒక స్పీకరు బీరువాపైనను, రెండవది దివాను చాటునను ఉన్నవి. పాలరాతి నేలయు, బోసిగోడలును, సిమెంటు కప్పును కలిసి ఒక్క సంగతిని నాలుగు సంగతులుగా వినిపించును. తివాచి పరచి, తెరలు కట్టి, స్పీకర్లను ఎదుటికి దింపుడన్నచో, "మీ వదిన ఒప్పుకోదు తమ్ముడూ!" అని నిట్టూర్చుదురు.

వదినగారి ప్రస్తావన వచ్చినది గనుక అసలు రహస్యము చెప్పవలసియున్నది. వాల్యూము మర ఒక్క వ్రేలెడు తిరుగునంతలో వంటయింటినుండి "కాస్త తగ్గించండీ!" అను ఆజ్ఞ వెలువడును. ఆ మితములో యంత్రము సగటున వెచ్చించునది వాటులో పదియవ వంతు. తక్కినదంతయు పెట్టెలోని పట్టుచీరవలె భద్రముగా నున్నది. మృదంగపు దెబ్బ సగటుకంటె ఇరువది డెసిబెళ్లు ఎగసినచో క్షణకాలము నూరింతల శక్తి కావలెననియు, అది లేనియెడల తరంగముల శిరస్సులు తెగి నాదము కరకుదేరుననియు వారు వాదింతురు. అక్షరాలా నిజము, ఇట్టి సత్యమును పలుకునప్పుడు వారిని కౌగిలించుకొనవలెననిపించును. కాని వాటులో పదియవ వంతునకు నూరింతలు పది వాట్లే గదా! 1953లో వెలువడిన క్వాడ్ వారి వాల్వు ఆంప్లిఫయరు పదునైదు వాట్లది. దానితో విన్నవారు చెవులార విననే విన్నారు.

మొన్నటి శ్రీరామనవమికి వారు తమ యంత్రమును, స్పీకర్లను పందిటికి ఉదారముగా అర్పించిరి. మైకుసెట్టు కుఱ్ఱవాడు అరువది వాట్ల పెట్టెకు చెట్టుమీది హారనును తగిలింపగనే రెండువందల వాట్ల పాట వినబడుట మానినది. హారనునకు కొద్దిపాటి శక్తి చాలును, గృహోచితమైన స్పీకరు అట్టిది కాదు. తోడల్లుడుగారు యంత్రమును రిక్షా ఎక్కించుచు, "చప్పుడు ఎక్కువైతే గొప్పా తమ్ముడూ? నాణ్యం ఉండాలి గాని!" అనిరి. ఇన్నేండ్లుగా నేను మొరపెట్టుకొనుచున్న మాట వారి నోటనే వెలువడుటచే పరమానందభరితుడనై, "మరి ఆ నాణ్యం పెరగాలంటే ఏం చేయాలన్నగారూ?" అంటిని.

"ఏముంది, ఇంకో రెండువందల వాట్లు చేరిస్తే సరి!"