బదిలీ మీద వచ్చిన సారుకు శని, ఆదివారాల సలహాలు

2016 అక్టోబరులో పాలమూరు జిల్లాను విడదీసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలును జిల్లా కేంద్రాలు చేశాక ఈ మూడు ఊళ్ళకూ ఒక కొత్త జాతి వచ్చింది. సోమవారం పొద్దున పదిన్నరకు దిగుతుంది, శనివారం మధ్యాహ్నానికి మాయమవుతుంది. ఇంజనీర్లు, లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు, కలెక్టరేటు సూపరింటెండెంట్లు ఇందులో ముఖ్యులు. వీరిలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒక శనివారం బస్సు దొరక్క ఊళ్ళోనే చిక్కుకుంటారు. అప్పుడు పుడుతుంది ప్రమాదకరమైన ప్రశ్న: ఇక్కడ చూడ్డానికి ఏముంది? ఆ ప్రశ్న ముదరకుండా తుంచేసే ఉపాయాలు చెప్పడమే నా పని.

మేలైన ఉపాయం ఊళ్ళో లేకపోవడం. నాగర్‌కర్నూలుకు రైలు లేదని బెంగ పడకండి, హైదరాబాదుకు బస్సులకు కొదవ లేదు. వనపర్తి వారికి రైల్వే శాఖే దారి చూపింది. ‘వనపర్తి రోడ్’ అనే స్టేషన్‌ను వనపర్తిలో కాకుండా మదనాపురంలో పెట్టింది. ఊరి పేరు తగిలించుకుని ఊరికి దూరంగా బతకడం ఎలాగో ఆ స్టేషన్‌ను చూసి నేర్చుకోవాలి. గద్వాలకు మాత్రం ఏకంగా జంక్షనే ఉంది కాబట్టి అక్కడి వారికి సాకులు కాస్త తక్కువ.

తప్పనిసరై ఉండిపోతే, పొద్దున లేవగానే “ఇక్కడ ఏమీ లేదు” అని ఒకసారి అనుకోండి. మనసు కుదుటపడుతుంది. కానీ పైకి అనేటప్పుడు చుట్టుపక్కల ఎవరున్నారో చూసుకోవాలి. వెనకటికి ఒక పండితుడు తెలంగాణలో కవులే లేరని రాసి ఇలాగే దొరికిపోయారు. అప్పట్లో గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డిది ఇటిక్యాలపాడు. ఇవాళ్టి లెక్కలో జోగులాంబ గద్వాల జిల్లా. ఆయన కోప్పడి ఊరుకున్నా బాగుండేది. ఊరుకోకుండా ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు. ఆ మనిషినే 1952లో వనపర్తి వాళ్ళు శాసనసభకు పంపారు. ఇలాంటి ఓటర్ల మధ్య ఉన్నామని గుర్తుపెట్టుకుని, ఆ మాటేదో కారు అద్దాలు ఎక్కించుకుని అనండి.

చరిత్ర జోలికి అసలు పోవద్దు. పోయారా, గద్వాలను ఒకప్పుడు ‘విద్వద్గద్వాల’ అనేవారని, తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి సన్మానాలు అందుకున్నారని ఎవరో ఒక రిటైర్డు తెలుగు పండితుడు మొదలుపెడతారు. చాయ్ చల్లారుతుంది. పైగా అలంపూర్ సంగతి వస్తుంది. తుంగభద్ర ఒడ్డున చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు ఉన్నాయంటే సరే, ఒక ఫొటో తీసుకుని వచ్చేయవచ్చు. కానీ ఆయన అక్కడితో ఆగరు. 1953లో గడియారం రామకృష్ణశర్మ పూనుకుని ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఆ ఊళ్ళోనే జరిపించారని, కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడేనని చెప్తారు. ఈ సంగతి విన్నాక ‘సాహిత్య సభ అంటే రవీంద్రభారతే’ అనే మన నమ్మకం కొంచెం బీటలు వారే ప్రమాదముంది. వినకుండా లేచి రండి.

తర్వాతది అన్నిటికన్నా తేలికైన పని. ఫోన్ తీసి ‘దగ్గర్లో కార్యక్రమాలు’ అని వెతకండి. హైటెక్ సిటీలో స్టాండప్ కామెడీ, గచ్చిబౌలిలో కుండలు చేసే వర్క్‌షాపు వస్తాయి. (గద్వాలలో కుండ కొనడానికి కుమ్మరి దగ్గరికే వెళ్ళవచ్చుననేది వేరే విషయం. అక్కడ టికెట్టు ఉండదు కాబట్టి దాన్ని కళగా లెక్కించరు.) ఫోన్‌లో లేనిది లోకంలో లేనట్టే. గోడ మీద అంటించిన వాల్‌పోస్టరు చదవొద్దు. ఆటో వెనక మైకు కట్టుకుని పోతూ చెప్పేది వినొద్దు. ముఖ్యంగా పంచాంగం తెరవొద్దు.

పంచాంగం ఎందుకు వద్దంటే, ఈ ప్రాంతపు దేవుళ్ళకు ఆదివారం సెలవన్న సంగతి ఇంకా తెలియదు. అన్నీ తిథుల మీద నడుస్తాయి. కురుమూర్తి జాతర కార్తీకంలో. ఆత్మకూరు దాటి వెళ్ళాలి. చుట్టుపక్కల ఊళ్ళ చర్మకారులు నిష్ఠతో కుట్టిన స్వామివారి చెప్పులను ఊరేగిస్తే లక్షల మంది వాటికి మొక్కుతారు. మల్దకల్ తిమ్మప్పది మార్గశిరం. సింగోటం నరసింహస్వామిది సంక్రాంతి. జమ్మిచేడు జమ్ములమ్మకు మాఘం. నల్లమల లోపల సలేశ్వరానికి చైత్ర పున్నమి చుట్టూ కొద్ది రోజులే దారి వదులుతారు, ఆ కొద్ది రోజులూ అడవి అంతా జనమే. వీటిలో ఏ ఒక్కటీ మన సెలవుల పట్టికను సంప్రదించి పెట్టింది కాదు. క్యాజువల్ లీవ్ పెట్టి జాతరకు పోయాడన్న పేరు ఆఫీసులో పడితే మళ్ళీ పోదు. కనుక ఇవన్నీ భక్తుల వ్యవహారమని కొట్టిపారేయండి. అక్కడ బండలాగుడు పోటీల్లో ఎడ్లు ఎన్ని అడుగులు లాగాయో మైకులో లెక్క చెప్తుంటే ఊళ్ళకు ఊళ్ళు ఊపిరి బిగబట్టుకుని నిలబడతాయి, రంగులరాట్నం తిరుగుతుంది, గాజులమ్మేవాళ్ళ దగ్గర అరకిలోమీటరు వరుస ఉంటుంది. ఏదీ మీకు పట్టదు. మీకు కావలసింది సంస్కృతి.

సరళాసాగర్ ఇంకా మొండిది. కొత్తకోట దగ్గర 1959లో పూర్తయిన ఈ ప్రాజెక్టుకు సైఫన్లు పెట్టారు. నీరు ఒక మట్టం దాటగానే ఎవరూ తలుపు ఎత్తకుండా వాటంతట అవే పారుతాయి. ఆ వార్త తెలియగానే జనం పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని పరుగెత్తుతారు. ముఖ్య అతిథి లేడు, జ్యోతి ప్రజ్వలన లేదు, సమయం ముందుగా చెప్పరు. ఇది పద్ధతేనా? వెళ్ళకండి.

శనివారమే జరిగేది ఒకటుంది, పెబ్బేరు సంత. హైవే పక్కనే కాబట్టి తప్పించుకోవడం కష్టం. హైదరాబాదు పోతూ బస్సు కిటికీలోంచి చూసి “ట్రాఫిక్” అని విసుక్కోండి. దిగితే గొర్రెలు, ఎడ్లు, పలుపుతాళ్ళు, గంటలు, కొరడాలు అన్నీ చూడాల్సి వస్తుంది. ఇద్దరు మనుషులు తువ్వాలు కింద చేతులు పెట్టి మాట్లాడకుండా బేరం చేసుకుంటుంటే, అదేమిటని అడగాలనిపిస్తుంది. అడిగితే చెప్తారు. చెప్తే గంట గడిచిపోతుంది. నంది వడ్డెమాన్‌కు కూడా జనం పోయేది శనివారమే, శనేశ్వరుడికి నువ్వుల నూనె పట్టుకుని. ‘రంగనాథ రామాయణం’ రాసిన గోన బుద్ధారెడ్డి ఏలిన వర్ధమానపురం అదేనంటారు. మీకు శని పట్టలేదు కాబట్టి ఆ వైపు వెళ్ళే అవసరం లేదు.

ఇక భాగోతం, చిరుతల రామాయణం. ఈ రెండిటి విషయంలో చాలా జాగ్రత్త కావాలి. పొలం పనులు లేని నెలల్లో ఊరివాళ్ళంతా కలిసి ఒక గురువును పిలిపించుకుంటారు. రాత్రిళ్ళు గుడి ముందర చిరుతలు పట్టుకుని అడుగు నేర్చుకుంటారు. నెలలు గడిచాక ప్రదర్శన. మీ ఆఫీసు అటెండరు ఒకరోజు తల గోక్కుంటూ వచ్చి, “సారూ, శనివారం మా ఊర్ల రామాయణముంది, రాండ్రి సారూ. నేను లక్ష్మణుణ్ణి” అంటాడు. రోజూ మీ టేబుల్ మీద ఫైళ్ళు పెట్టేవాడు లక్ష్మణుడేమిటని నవ్వకండి, అది మర్యాద కాదు. “చూద్దాంలే” అనండి. ఈ మాటకు ఎవరినీ నొప్పించకుండా ఎగ్గొట్టే శక్తి ఉంది.

మొహమాటపడి వెళ్ళాల్సే వస్తే ఏడింటికే చేరుకోండి, ఎందుకంటే ఏడింటికి ఏమీ ఉండదు. మైకు కట్టేవాడు “హలో, హలో” అంటుంటాడు. చుట్టూ ముసలమ్మలు చాపలు పరుచుకుని, మనవలను పడుకోబెట్టుకుని చోటు పట్టుకుంటుంటారు. మీకు మాత్రం ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. వెనకవాళ్ళకు అడ్డమైనా అందులోనే కూర్చోండి, హోదా చూసుకోవాలి కదా. పది దాటాక గణపతి ప్రార్థనతో మొదలవుతుంది. పదీ పదికి వాచీ చూసుకుని లేవండి. అప్పటికి మీరు చూసింది మైకు టెస్టింగు మాత్రమే కాబట్టి, “ఈ జానపదాల్లో సాగతీత ఎక్కువండీ” అని సోమవారం అధికారంగా చెప్పవచ్చు. పన్నెండు దాటాక కదలాలనిపించదని, తాళం జోరందుకున్నాక లక్ష్మణుడు వేరే మనిషి అయిపోతాడని, తెల్లవారుజామున పట్టాభిషేకానికి ఊరంతా లేచి నిలబడుతుందని చూసినవాళ్ళు అంటారు. పుకార్లు నమ్మకండి.

మధ్యలో చదివింపులు వస్తాయి. ఎవరు ఎంత ఇచ్చారో పేరుతో సహా మైకులో చదువుతారు. కూలికి పోయే పెద్దమ్మ కొంగు ముడి విప్పి యాభై ఇచ్చినా అంతే గట్టిగా చదువుతారు. మీ వంతు రాకముందే ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని చీకట్లోకి నడవండి.

గద్వాలలో నేత చూడాలని మీ ఇంట్లోవాళ్ళు పట్టుబడతారు. సరే, తీసుకెళ్ళండి. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆయన చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు వాడుతూ మూడు నాడెలతో నేస్తుంటాడు. నూలునూ పట్టునూ ఊడిరాకుండా కలిపే ఆ పనితనాన్ని కుప్పడం అంటారు. నూలు చీర కట్టిన సుఖం, పట్టుచీర కట్టిన దర్జా రెండూ ఒకే చీరలో వస్తాయి. ఇవేమీ అడగొద్దు. అడగాల్సిన ప్రశ్నలు మూడే: అగ్గిపెట్టెలో పడుతుందా, ఆన్‌లైన్‌లో ఇంతకన్నా తక్కువకు వస్తుంది కదా, ఎంత తగ్గిస్తావు? మూడోది అడుగుతూ మగ్గం మీదకు ఒంగి వీడియో తీయండి. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు తిరుమల స్వామికి గద్వాల నుంచి ‘ఏరువాడ జోడు పంచెలు’ వెళ్తాయి. నేసేవాళ్ళు దీక్షపట్టి, నియమంగా ఉండి నేస్తారు. స్వామి ఇంతవరకు డిస్కౌంటు అడిగినట్టు లేదు. అది ఆయన తెలివితక్కువతనం.

ఊళ్ళో సంఘాల సంగతి. జిల్లా గ్రంథాలయానికి వెళ్తే గ్రూప్స్‌కు చదివే పిల్లలు కుర్చీలన్నీ నింపేసి ఉంటారు, కాబట్టి ఆ వంకతో మానేయవచ్చు. కవుల సమావేశానికి పిలుపు వస్తే ముందు ఒకటి తేల్చుకోండి: ఫ్లెక్సీ మీద మీ ఫొటో ఉందా, ఉంటే ఎంత సైజు? నాగర్‌కర్నూలులో అయితే మరీ జాగ్రత్త. కపిలవాయి లింగమూర్తి ఊరూరా తిరిగి గుళ్ళ కథలూ స్థల చరిత్రలూ రాసిపెట్టిన జిల్లా అది. గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు 2021లో ‘వల్లంకి తాళం’ మీద సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అక్కడ మీరు వాట్సాప్‌లో వచ్చిన కవితను మీదని చదివితే, వెనక బెంచీలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా పట్టేస్తాడు.

ఇంతకన్నా సొంత సంఘం పెట్టుకోవడం సుఖం. ‘కళా పరిరక్షణ సమితి’ అని పేరు పెట్టండి. అధ్యక్షుడు మీరు, గౌరవాధ్యక్షుడు మీ పై అధికారి, కోశాధికారి మీ బావమరిది. కళాకారులు సభ్యులుగా ఉండకూడదన్న నియమం మొదటి పేజీలోనే రాయించండి, ఉంటే లెక్కలు అడుగుతారు. వాట్సాప్ గ్రూపు తెరిచి పొద్దునే పువ్వుల బొమ్మలు పంపండి. ఏడాదికొక ఉత్సవం చాలు. అందులో గంటన్నర ఉపన్యాసాలు, పది నిమిషాలు కళ.

ఆ పది నిమిషాలకు కిన్నెర వాయించేవారిని పిలవాలని అందరూ అంటారు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూలు జిల్లానే, అవుసలికుంట. సినిమా పాటతో లోకానికి తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నారని పత్రికలు రాశాయి. దాన్ని బట్టి మనకు తెలిసేదేమిటంటే, గౌరవాన్నీ డబ్బునూ వేర్వేరుగా ఉంచడం ఇప్పటికే ఆనవాయితీ అయింది. మీరు కొత్తగా చెడగొట్టకండి.

కాబట్టి మీ సభకు అచ్చంపేట వైపు నుంచి ఎవరైనా కిన్నెర భుజాన వేసుకుని, రెండు బస్సులు మారి వస్తే, ఒక శాలువా, ఒక జ్ఞాపిక, చేయి పట్టుకుని ఒక ఫొటో ఇవ్వండి. ఎంత ఇస్తారని ముందే అడిగితే “కళకు వెల కట్టగలమా” అనండి. పాటయ్యాక ఛార్జీలకైనా ఇవ్వమంటే చిల్లర లేదనండి. ఆయన ఫోన్ తీసి స్కానర్ చూపిస్తే సిగ్నల్ లేదనండి. చివరి బస్సు వెళ్ళిపోయింది, రాత్రి ఎక్కడ పడుకోవాలని అడిగితే మాత్రం, కోశాధికారిని అడగమని చెప్పి మీరు కారెక్కండి. కోశాధికారి అప్పటికే కారులో ఉంటాడు.