పది నెత్తిన అంకె: రావులపాలెం వ్యాఖ్యా సహితం

మూలం:

చుక్కకు ముందొక్కటే అంకె. అది సున్న కారాదు.
జరిగిన గడులన్నీ పది నెత్తిన పడును.

అవతారిక. ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. తెలిసినా ఒప్పుకోరు. హైస్కూలు ఘాతాంకాల పాఠంలో పుట్టి, ఇంటర్ ఫిజిక్సులో ఏపుగా పెరిగి, ఎంట్రన్సు పరీక్షల నాటికి పిల్లల ప్రాణం తీసే దీన్ని శాస్త్రీయ సంకేతం అంటారు. దీనికి వ్యాఖ్య రాయడానికి రావులపాలెం కన్నా తగిన చోటు లేదు. ఎగువన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర లక్షల క్యూసెక్కులు, ఊళ్ళో అరటి గెలలు. మహత్తుకు ఒకటి, అణువుకు ఒకటి. ఉదాహరణల కోసం వంతెన దాటి జొన్నాడ వెళ్ళే పని కూడా లేదు.

ప్రతిపదార్థం. చుక్కకు ముందు = దశాంశ బిందువుకు ఎడమ పక్కన; ఒక్కటే అంకె = 1 మొదలు 9 వరకు ఏదో ఒకటి, పక్కన రెండోది కూర్చోరాదు; జరిగిన గడులన్నీ = చుక్క ఎన్ని స్థానాలు జరిగితే అన్నీ; పది నెత్తిన పడును = 10కి ఘాతాంకమై చేరును. చుక్క ఎడమకు జరిగితే ధనము, కుడికి జరిగితే రుణము అని అధ్యాహారం. “నెత్తిన” అనే చోట “భుజాన” అని పాఠాంతరం ఉంది. ఆ అంకె నిజానికి ఉండేది పదికి కుడిపక్కన, పైభాగాన గనుక ఆ పాఠమే మేలని కొందరంటారు. ఈ మర్యాదను దెకార్త్ 1637లో తన జ్యామితి గ్రంథంలో స్థిరపరిచాడు. గైడు పుస్తకాలు అచ్చువేసేవారు మాత్రం ఆ అంకెను కిందికి దించేసి 10⁶ను 106 చేస్తారు. పది లక్షలు నూటారుగా మారడం ఏ ప్రళయంలోనూ జరగని సంగతి.

పూర్వపక్షం. అరటి మార్కెట్టులో కర్పూర చక్కెరకేళి గెలల మధ్య నిలబడి ఒక కమీషన్ వ్యాపారి ఆక్షేపిస్తాడు: “ఆయ్, ఈ తిప్పలెందుకండీ బాబూ? పదమూడు లక్షలు దాటింది, రెండో హెచ్చరిక ఎగరేశారంటే లంకల్లో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తది. మళ్ళీ దానికి నెత్తీ, భుజమూనా?”

సిద్ధాంతం. పూర్వపక్షి తనకు తెలియకుండానే సూత్రాన్ని అంగీకరించాడు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. “పదమూడు లక్షలు” అన్నవాడు సున్నలన్నీ ఒక మాటలో మూటగట్టి 13×10⁵ అనేశాడు. ఇక మిగిలింది చుక్కను ఒక గడి ఎడమకు జరిపి, పైఅంకెను ఒకటి పెంచి 1.3×10⁶ అనడమే. 1986 ఆగస్టు వరదను తలుచుకుని “ముప్పై అయిదు లక్షలు” అనే ముసలాయన కూడా ఇదే పని చేస్తున్నాడు: 3.5×10⁶. కోనసీమలో వరద వార్త విన్న ప్రతివాడూ సగం లెక్క నోటితో చేసేస్తాడు. కాగితం మీద పెట్టేసరికి బెదురుతాడు, అంతే.

ఆ మిగతా సగం ఎందుకంటే, గుణించడానికి. 13 లక్షల క్యూసెక్కుల వరద ఒక రోజంతా తగ్గకుండా పారితే ఎన్ని టీఎంసీలు? క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు, అంటే 8.64×10⁴. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 10⁹. ముందంకెలను గుణించాలి: 1.3×8.64 = 11.232. పైఅంకెలను కూడాలి: 6+4 = 10. వచ్చింది 11.232×10¹⁰. ఇక్కడ సూత్రభంగమైంది, చుక్కకు ముందు రెండంకెలు కూర్చున్నాయి. ఒకదాన్ని లేపి వెనక్కి పంపితే 1.1232×10¹¹. దాన్ని 10⁹తో భాగిస్తే, అంటే పైఅంకెలోంచి 9 తీసేస్తే, 112 టీఎంసీలు. పిల్లలు తప్పేది గుణకారంలో కాదు, ఈ లేపి కూర్చోబెట్టడంలోనే. ముందంకె తగ్గితే పైఅంకె పెరగాలి. రెండూ తగ్గించినవాడికి గోదావరి ఉప్పుటేరవుతుంది.

విశేషం. 112 అని తేల్చి చెప్పడం కూడా అతిశయోక్తే. మొదట చేతికొచ్చింది 1.3, రెండంకెల సరుకు. రెండంకెల సరుకులోంచి అయిదంకెల నిజం రాదు, 1.1×10¹¹ అని ఊరుకోవాలి. 13,00,000 అని రాస్తే చివరి సున్నలు కొలిచి రాసినవో, చోటు నింపడానికి పెట్టినవో తెలియదు. 1.3×10⁶ వేరు, 1.300×10⁶ వేరు. ఈ సంకేతానికి ఉన్న అసలు మర్యాద ఇదే. సున్నలు మిగలడం దాని ముందు చిల్లర లాభం.

కూడిక వద్దకు వస్తే నడక మారుతుంది. పైఅంకెలు సమానమైతే తప్ప కూడరాదు. ఆ 13 లక్షలకు కాలువలకు వదిలిన పది వేలు కలపాలనుకుందాం: 1.3×10⁶కు 1.0×10⁴. రెండోదాన్ని 0.01×10⁶గా దిద్దాకే కలపాలి. మొత్తం 1.31×10⁶. రెండంకెల సరుకన్నాం గనుక మళ్ళీ 1.3×10⁶. మధ్య డెల్టాకంతకూ ప్రాణాధారమైన కాలువ నీళ్ళు వరద లెక్కలో కనపడకుండా పోయాయి. ఇందులో కరుణరసం ఉందని వ్యాఖ్యాత అభిప్రాయం.

ఇక అణుపర్వం. మార్కెట్టులోంచి మధ్యరకం అరటిపండు ఒకటి తీసుకుందాం. అందులో పొటాషియం సుమారు 0.45 గ్రాము, అంటే 4.5×10⁻¹. దాన్ని పొటాషియం పరమాణు భారం 39.1తో భాగించి, అవొగాడ్రో సంఖ్య 6.02×10²³తో గుణిస్తే 6.9×10²¹ పరమాణువులు. వీటిలో రేడియోధార్మికత ఉన్న పొటాషియం-40 వాటా 1.17×10⁻⁴ మాత్రమే. గుణిస్తే 8.1×10¹⁷. దాని అర్ధాయువు 1.25×10⁹ ఏళ్ళు, ఏడాదికి 3.16×10⁷ సెకన్లు గనుక 3.95×10¹⁶ సెకన్లు. 0.693ను దీంతో భాగిస్తే, సెకనులో ఒక పరమాణువు పగిలే అవకాశం 1.75×10⁻¹⁷. ఇప్పుడు చూడండి: 10¹⁷, 10⁻¹⁷ ఎదురుపడి రెండూ మాయమవుతాయి. మిగిలేది 8.1×1.75, దాదాపు 14. చేతిలో పండు తినేలోపు సెకనుకు పద్నాలుగు పరమాణువులు పగులుతున్నాయన్నమాట. చక్కెరకేళి ప్రియులు హడలిపోనక్కరలేదు. మనిషి ఒంట్లో ఉన్న పొటాషియంలోనే సెకనుకు నాలుగు వేలకు పైగా పగులుతుంటాయి. పైగా ఒంటికి మిక్కిలైన పొటాషియాన్ని మూత్రపిండాలు ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి.

ఈ పెద్ద సంఖ్యలకు పేర్లు లేవని పూర్వపక్షి అంటే, పావులూరి మల్లన ఊరుకోడు. ఆయన తెలుగు చేసిన గణితానికి మూలం మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహం, తొమ్మిదో శతాబ్దం నాటిది. మహావీరుడి వరసలో ఇరవై నాలుగు స్థానాలున్నాయి: ఏకంతో మొదలై కోటి, అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం, క్షితి మీదుగా మహాక్షోభ వరకు. ఇరవై నాలుగో స్థానం సరిగ్గా 10²³. అవొగాడ్రో సంఖ్య అంటే ఆరు మహాక్షోభలు. అరటిపండులోని పొటాషియం దాదాపు ఏడు మహాక్షితులు, అందులో పొటాషియం-40 ఎనిమిది మహాక్షోణులు. ఇంటర్ పిల్లలకు ఇలా చెబితే లెక్క రాకపోయినా కంఠం బాగుపడుతుంది. కాని ఆ వరస ఏకం నుంచి పైకే ఎక్కుతుంది, కిందికి దిగదు. 1.75×10⁻¹⁷ను పిలవాలంటే పైన చిన్న గీత పెట్టుకోవడం తప్ప దారి లేదు.

శంకా సమాధానం. కాలిక్యులేటర్ తెర మీద ‘ఇ’ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే ఏమని అర్థం? గుమస్తా బల్ల మీదుండే మామూలు యంత్రంలో అయితే లెక్క తెర దాటిపోయింది, తప్పు అని. విద్యార్థి సంచిలోని సైంటిఫిక్ యంత్రంలో అయితే “ఇంటూ పది పవర్” అని. ఒకే అక్షరం అక్కడ ఓటమి, ఇక్కడ జవాబు. 2.718తో మొదలయ్యే మరో ‘ఇ’ కూడా అదే యంత్రంలో ఉంటుంది. దానితో కలిపి చదివినవారి మార్కులకు వ్యాఖ్యాత బాధ్యుడు కాడు.

ఫలశ్రుతి. ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి ఎక్సెల్‌లో ఆధార్ నంబర్లు చెడవు. పన్నెండంకెల నంబరును గడిలో కొట్టగానే ఎక్సెల్ దాన్ని మహాసంఖ్యగా భావించి 10¹¹ రూపంలోకి తిప్పి చూపిస్తుంది. గడి వెడల్పు చేసినా వినదు. అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి గనుక నంబరు ఫార్మాటు మారిస్తే తిరిగొస్తాయి. పదహారంకెల కార్డు నంబరైతే అది కూడా కుదరదు, పదిహేను దాటాక అంకె సున్నగా మారిపోతుంది, మళ్ళీ రాదు. అందుకని గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే నంబరు కొట్టాలి.